గాయాన్ని మాన్పేది ఏది? మరిగే నూనె నుంచి పిండికట్టు దాకా

మన ఇళ్లలో గాయం తగిలిన మనిషికి సలహాలకు కొదవ ఉండదు. ఒకరు పసుపు అద్దమంటారు. మరొకరు కాఫీపొడి నొక్కిపెట్టమంటారు. నీరు తగలనీయవద్దని, గాలికి ఆరనివ్వమని, పప్పు తింటే చీము పడుతుందని పెద్దలు హెచ్చరిస్తారు. మందుల దుకాణానికి వెళితే నురగ వచ్చే ద్రావకమో, చల్లుకునే పొడో, పూసుకునే లేపనమో చేతికి వస్తుంది. ఆసుపత్రులలో సైతం ఒకచోట ఒక పద్ధతి, మరొకచోట ఇంకొక పద్ధతి కనిపిస్తాయి. వీటిలో దేనిని నమ్మాలి? ఎందుకు నమ్మాలి?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం కావడానికి ఒక కారణం ఉంది. ఆరోగ్యవంతుని శరీరంలో చిన్న గాయాలు చాలావరకు వాటంతట అవే మానిపోతాయి. రక్తం గడ్డకడుతుంది, తెల్లరక్తకణాలు వచ్చి మురికిని, సూక్ష్మజీవులను తొలగిస్తాయి, కొత్త కణజాలం లోతును పూడుస్తుంది, అంచుల నుంచి చర్మకణాలు జరిగివచ్చి పైకప్పు వేస్తాయి. ఈ పని జరుగుతున్న రోజులలో గాయం మీద మనం ఏది పూసి ఉంటే కీర్తి దానికి దక్కుతుంది. పసుపు పూస్తే పసుపు మాన్పిందంటాము, పొడి చల్లితే పొడి మాన్పిందంటాము. మానని గాయానికి మాత్రం రోగి విధినో, వంటిలోని చక్కెరనో నిందిస్తాము. అందువలన గాయాల చికిత్సలో అనుభవం ఒక్కటే మంచి గురువు కాజాలదు. పోలిక కావాలి. ఆ పోలిక చేయడం వైద్యులు ఎలా నేర్చుకున్నారో, నేర్చుకొని కూడా ఎన్నిసార్లు పెడచెవిన పెట్టారో చెప్పేదే ఈ చరిత్ర.

చీము మంచిదన్న నమ్మకం

గాయాల గురించి ప్రాచీనులు ఆలోచించలేదనుకోవడం పొరపాటు. సుశ్రుత సంహితలోని చికిత్సాస్థానం వ్రణాలకు అరవై ఉపక్రమాలను పేర్కొన్నది. కడగడం, కోయడం, కుట్టడం, కట్టు కట్టడం, తేనె, నేతులతో లేపనాలు వేయడం అందులో ఉన్నాయి. అంత వివరమైన పరిశీలన ఆ కాలంలో అరుదు. అయితే ఒక ఉపక్రమాన్ని కొందరికి చేసి, మరికొందరికి చేయక, ఫలితాలను లెక్కగట్టి చూసే పద్ధతి ఇంకా ఎక్కడా పుట్టలేదు.

ఐరోపాలో గాలెన్ పేరు మీద సాగిన సంప్రదాయంలో చిక్కని తెల్లని చీము గాయం మానుతున్నదనడానికి శుభసూచకమనే భావం బలపడింది. చీము పట్టించడానికే మందులు పెట్టేవారు. 13వ శతాబ్దంలో ఇటలీకి చెందిన థియోడొరిక్ అనే శస్త్రవైద్యుడు చీము అవసరం లేదని, గాయాన్ని శుభ్రపరచి అంచులు దగ్గరకు చేర్చి కట్టవచ్చని వ్రాశాడు. ఆయన మాటను అంగీకరించినవారు కొద్దిమందే. తన కళ్లతో చూసినదానికంటే గ్రంథంలో ఉన్నదే ప్రమాణమనుకునే కాలమది. సాక్ష్యం దొరికినంత మాత్రాన సంప్రదాయం లొంగదన్న సంగతి ఇక్కడే మొదటిసారి కనిపిస్తుంది.

నూనె అయిపోయిన రాత్రి

1537 ప్రాంతంలో ఫ్రెంచి సైన్యం ట్యూరిన్ దిశగా సాగింది. ఆ సైన్యంతో ఆంబ్రోయిజ్ పారే అనే యువ శస్త్రవైద్యుడు ఉన్నాడు. తుపాకీ మందు విషమని, గుండు గాయాన్ని మరిగే నూనెతో కాల్చకపోతే విషం ఒళ్లంతా పాకుతుందని ఆనాటి పాఠ్యగ్రంథాలు బోధించేవి. పారే కూడా అదే చేస్తూ వచ్చాడు. ఒకనాడు క్షతగాత్రులు ఎక్కువై నూనె అయిపోయింది. మిగిలినవారికి గుడ్డు పచ్చసొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపిన చల్లని లేపనం పెట్టి కట్టు కట్టాడు. కాల్చనివారు తెల్లవారేసరికి విషమెక్కి చనిపోతారేమోనన్న భయంతో ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. వేకువనే లేచి వెళ్లి చూశాడు. లేపనం పెట్టినవారికి నొప్పి స్వల్పంగా ఉంది, వాపు లేదు, రాత్రి కొంత నిద్రపోయారు. నూనెతో కాల్చినవారు జ్వరంతో, తీవ్రమైన నొప్పితో, గాయం చుట్టూ వాపుతో బాధపడుతున్నారు. ఇక మీదట ఎవరినీ అలా కాల్చరాదని ఆయన నిశ్చయించుకున్నాడు. 1545లో ఆ అనుభవాన్ని లాటిన్‌లో కాక, సామాన్య శస్త్రవైద్యులకు అర్థమయ్యే ఫ్రెంచి భాషలో ప్రచురించాడు.

ఆయన చేసినది ఉద్దేశపూర్వకమైన ప్రయోగం కాదు. నూనె కొరత దానిని కల్పించింది. అయినా అందులో మంచి పరిశోధనకు కావలసిన ముఖ్యాంశం ఉంది. ఒకే చోట, ఒకే రోజు, ఒకే తరహా గాయాలున్న రెండు బృందాలు పక్కపక్కన ఉన్నాయి. ఆ పోలిక దొరకకపోయి ఉంటే, కాల్చిన తరువాత బ్రతికిన ప్రతి సైనికుడూ మరిగే నూనె గొప్పతనానికి సాక్షిగానే నిలిచేవాడు.

లిస్టర్ లెక్కలు

మూడు శతాబ్దాల తరువాత కూడా ఆసుపత్రులలో గాయాలు కుళ్లడం సర్వసాధారణంగానే ఉండేది. ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటకు వస్తే కాలు తీసివేయడమే ప్రాణం నిలిపే మార్గమనుకునేవారు. కుళ్లుకు కారణం సూక్ష్మజీవులేనన్న లూయి పాశ్చర్ పరిశోధనలను చదివిన జోసెఫ్ లిస్టర్, 1865 ఆగస్టులో గ్లాస్గో ఆసుపత్రిలో బండిచక్రం కింద కాలు నలిగిన 11 ఏళ్ల బాలుని గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. ఆ బాలుడు కాలితో సహా కోలుకున్నాడు. 1867లో అటువంటి 11 మంది వృత్తాంతాలను లిస్టర్ ప్రచురించాడు. వారిలో ఒకరు మరణించారు, ఒకరికి కాలు తీసివేయవలసి వచ్చింది, తక్కిన తొమ్మండుగురు అవయవాలతో బయటపడ్డారు.

1870లో ఆయన మరొక లెక్క చూపాడు. కార్బాలిక్ ఆమ్లం వాడకముందు, 1864, 1866 సంవత్సరాలలో అవయవం తొలగించిన 35 మందిలో 16 మంది మరణించారు. వాడిన తరువాత, 1867 నుంచి 1869 వరకు, 40 మందిలో ఆరుగురు మరణించారు. ఈ అంకెలు వైద్యలోకాన్ని కదిలించాయి. వాటిని శంకించినవారూ ఉన్నారు. ముందు కాలాన్ని తరువాతి కాలంతో పోల్చినప్పుడు, ఆ మధ్య ఆసుపత్రిలో మరేవైనా మార్పులు వచ్చాయేమోనన్న సందేహం సహజం. లిస్టర్ సిద్ధాంతం నిలిచింది. ఆయన పద్ధతులన్నీ నిలవలేదు. శస్త్రచికిత్స గదిలో కార్బాలిక్ ఆమ్లాన్ని తుంపరగా చల్లే పద్ధతి నిరుపయోగమని తేలగా, 1890లో ఆయనే దానిని బహిరంగంగా విడిచిపెట్టాడు. తన పేరుతో ముడిపడిన పద్ధతిని తానే వదులుకోవడం కూడా శాస్త్రజ్ఞుని లక్షణమే.

గాజు గొట్టంలో ఒక యుద్ధ గాయం

లిస్టర్ విజయం తరువాత, సూక్ష్మజీవులను చంపే మందు ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిదన్న భావం పాతుకుపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. ఎరువు వేసిన పొలాల మట్టి, చిరిగిన బట్టల పేలికలు ఫిరంగి తునకలతో పాటు సైనికుల కండరాలలోకి చొచ్చుకుపోయేవి. గాయాలలో ఘాటైన క్రిమినాశకాలు పోసినా కుళ్లు ఆగేది కాదు.

ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో ఆల్మ్రోత్ రైట్ నాయకత్వంలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కారణం వెదికాడు. పెనిసిలిన్‌ను కనుగొనడానికి ఇంకా పదేళ్లకు పైగా సమయముంది. ఆయన ఒక గాజు గొట్టాన్ని వేడిచేసి, గోడల నుంచి సన్నని బోలు ముళ్లను బయటకు లాగాడు. గాయంలోని సందులకు అది నమూనా. అందులో సూక్ష్మజీవులున్న ద్రవాన్ని నింపి, తరువాత క్రిమినాశకంతో నింపి, ఖాళీ చేసి, మళ్లీ శుభ్రమైన ద్రవాన్ని పోశాడు. ముళ్ల కొసలలో దాగిన సూక్ష్మజీవులు తిరిగి విజృంభించాయి. మందు అక్కడికి చేరనే లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి తేలింది. క్రిమినాశకాలు సూక్ష్మజీవులకంటే ముందుగా, వాటితో పోరాడే తెల్లరక్తకణాలనే చంపుతున్నాయి. చచ్చిన కణజాలాన్ని కోసి తొలగించి, ఉప్పునీటితో కడిగి, శరీరపు రక్షణశక్తికి తోడ్పడడమే మేలని రైట్, ఫ్లెమింగ్‌లు వాదించారు. లిస్టర్ శిష్యుడు, నాటి ఇంగ్లండు శస్త్రవైద్య కళాశాల అధ్యక్షుడు వాట్సన్ చైన్ వారిని తీవ్రంగా వ్యతిరేకించాడు. గురువు పేరు మీద ఆయన నిలబెట్టదలచినది మందును. గురువు నేర్పిన పరీక్షా దృష్టి మాత్రం ఎదుటిపక్షంలో ఉంది.

మీ ఇంటి అలమారలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాకు ఈ కథ వర్తిస్తుంది. నురగ వస్తే మురికి పోతున్నదని తృప్తి కలుగుతుంది. కాని సాధారణంగా వాడే గాఢతలో హైడ్రోజన్ పెరాక్సైడ్, పొవిడోన్ అయొడిన్ వంటి ద్రావకాలు గాయాన్ని పూడ్చే కణాలకు హాని చేస్తాయని 1985లో ప్రచురితమైన ప్రయోగశాల పరిశోధన చూపింది. గాజు పళ్లెంలోని కణాలు, మనిషి గాయం ఒకటి కావు కనుక ఆ ఒక్క పరిశోధనతో ఈ మందులను బహిష్కరించనక్కరలేదు. బాగా సూక్ష్మజీవులు సోకిన గాయంలో వైద్యుడు కొద్దిరోజులు వీటిలో కొన్నింటిని వాడవచ్చు. మానుతున్న శుభ్రమైన గాయంలో రోజూ పోయడానికి మాత్రం సమర్థన కనిపించదు.

ఆరనివ్వాలా, తేమగా ఉంచాలా?

గాయానికి గాలి తగలాలి, అది ఆరి పక్కు కట్టాలి అన్నది మన పెద్దల మాట మాత్రమే కాదు. 20వ శతాబ్దం సగం గడిచేవరకు వైద్యుల మాట కూడా అదే. 1962లో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మం మీద ఒకే లోతుగల పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పల్చని పాలిథీన్ పొరతో కప్పాడు. కప్పిన గాయాల మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరచుకున్నది. గాయం ఎండితే చర్మకణాలు గట్టిపడిన పక్కు కింద దారి తవ్వుకుంటూ పోవాలి. తేమ ఉంటే సులువుగా జారిపోతాయి. మరుసటి సంవత్సరమే హిన్మన్, మైబాక్ అనే పరిశోధకులు మనుషులలో కూడా ఇటువంటి ఫలితాన్నే చూశారు. నేటి ఆధునిక కట్లకు పునాది ఇదే. తేమ అంటే మురికినీటిలో నానబెట్టడం కాదు. శుభ్రమైన కట్టు కింద సహజమైన తడి నిలవడం. ఎండి నల్లబడిన మధుమేహ రోగి వేలి వంటివాటికి ఈ సూత్రం వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి.

చీటీ వేసి పోల్చడం

లిస్టర్ అంకెల మీద వచ్చిన సందేహానికి సమాధానం 20వ శతాబ్దంలో దొరికింది. రోగులలో ఎవరికి ఏ చికిత్స ఇవ్వాలో వైద్యుని ఇష్టానికి వదలక, చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయిస్తే రెండు బృందాలు సమానంగా ఉంటాయి. క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ మందును ఇలా పరీక్షించి 1948లో బ్రిటన్‌లో ప్రచురించిన పరిశోధన ఇందుకు మార్గదర్శకమైంది. 1972లో ఆర్చీ కాక్రన్ అనే వైద్యుడు, ఇటువంటి పరీక్షలకు నిలిచిన చికిత్సలకే ప్రాధాన్యమివ్వాలని ఒక చిన్న పుస్తకంలో వాదించాడు. ఆయన పేరుతో 1993లో ఏర్పడిన సంస్థ ఒక్కొక్క ప్రశ్న మీద జరిగిన పరిశోధనలన్నింటిని కూడదీసి, తూచి, సారాంశం ప్రకటిస్తూ వస్తున్నది. గాయాల విషయంలో ఆ సమీక్షలు చెప్పిన కొన్ని సంగతులు చూడండి.

త్రాగడానికి పనికివచ్చే కుళాయి నీటితో తాజా గాయాన్ని కడిగితే, సెలైన్‌తో కడిగినదానికంటే సూక్ష్మజీవులు ఎక్కువగా సోకినట్లు కనబడలేదు. నీరు తగలరాదన్న మాట వదిలివేయవచ్చు. నీటి మీద అనుమానముంటే కాచి చల్లార్చి వాడండి.

చర్మం పైపొరలు కాలిన గాయాలను తేనె కట్లు, సాధారణ కట్లకంటే నాలుగైదు రోజులు ముందుగా మాన్పవచ్చు. సిరల దోషంతో కాలిపై వచ్చే పుండ్లలో తేనె వలన ప్రత్యేక లాభం కనబడలేదు. అంటే తేనె మంచిదా అన్న ప్రశ్న సరికాదు, ఏ గాయానికి అన్నది సరైన ప్రశ్న. పరిశోధనలలో వాడినవి ఎక్కువగా శుద్ధిచేసిన వైద్య తేనెలు. వంటింటి సీసాలోని తేనె అటువంటిది కాదు.

కాలిన గాయాలకు దశాబ్దాలుగా అలవాటైన సిల్వర్ సల్ఫడయజిన్ లేపనం, కొన్ని కొత్త తరహా కట్లతో పోల్చినప్పుడు వెనుకబడింది. అలవాటు సాక్ష్యం కాదనడానికి ఇదొక నిదర్శనం.

ఖరీదైనదే మేలన్న నియమమూ లేదు. ముంబైలోని వైద్యులు శుద్ధిచేసిన అరటి ఆకును కాలిన గాయాలకు, చర్మం తీసిన చోట్లకు కట్టుగా వాడి, ఇతర కట్లతో పోల్చి, 2003లో ఫలితాలు ప్రచురించారు. నునుపైన ఆకు గాయానికి అంటుకోదు, తీసేటప్పుడు బాధ తక్కువ, ఖర్చు స్వల్పం. మన విస్తరాకు అక్కడ గౌరవం పొందినది సంప్రదాయమన్న కారణంతో కాదు, పరీక్షలో నిలిచినందువలన.

పప్పు మాట కూడా తేల్చుకుందాం. గాయాన్ని పూడ్చే కణజాలం మాంసకృత్తులతో తయారవుతుంది. 1940లో అమెరికా శస్త్రవైద్యుడు జాన్ క్రాండన్ ఒక స్వీయప్రయోగాన్ని ప్రచురించాడు. విటమిన్ సి లేని ఆహారం తింటూ మూడు నెలలకు తన వీపు మీద చేయించుకున్న గాయం మామూలుగానే మానింది. ఆరు నెలలకు చేయించుకున్నది మానలేదు. విటమిన్ ఇచ్చిన తరువాతనే మానింది. శరీరానికి సరుకు అందకపోతే ఏ లేపనమూ ఆదుకోదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వలన. పప్పు, గుడ్డు మానిపించడం రోగికి అపకారమే.

పెట్టినది కాదు, తీసివేసినది

అన్నింటికంటే మనకు దగ్గరి పాఠం వేలూరు నుంచి వచ్చింది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల కాళ్లలో పుండ్లను శ్రద్ధగా పరిశీలించాడు. రోగం వలన మాంసం దానంతట అదే కుళ్లి రాలుతుందని అప్పటివరకు లోకం నమ్మేది. వారి గాయాలు రక్షణ దొరికితే అందరి గాయాల వలెనే మానుతున్నాయని బ్రాండ్ గమనించాడు. లోపం మాంసంలో లేదు, స్పర్శలో ఉంది. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా తెలియని స్థితి వారిది. నొప్పి లేదు గనుక పుండు మీదనే నడుస్తారు. నడిచినకొద్దీ పుండు లోతవుతుంది. పాదానికి అతుక్కొని ఉండే పిండికట్టు వేసి, పుండు మీది ఒత్తిడిని కాలంతటా పంచితే అది మానేది. 1960వ దశకంలో అమెరికా వెళ్లిన బ్రాండ్ ఈ అవగాహనను మధుమేహ రోగుల చికిత్సకు అందించాడు. మధుమేహం కూడా పాదాల స్పర్శను హరిస్తుంది.

1989లో అమెరికాలో 40 మంది మధుమేహ రోగుల అరికాలి పుండ్ల మీద యాదృచ్ఛిక పరీక్ష జరిగింది. పిండికట్టు వేసిన 21 మందిలో 19 మందికి, సగటున 42 రోజులలో, పుండు మానింది. మామూలుగా కట్లు మార్చుతూ వచ్చిన 19 మందిలో ఆరుగురికే మానింది, అదీ సగటున 65 రోజులకు. పుండు మీద ఏ మందు పెట్టామన్నదానికంటే, దాని మీది బరువును తీసివేశామా లేదా అన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. తెలుగునాట ఎన్ని కుటుంబాలు లేపనాలు మార్చుకుంటూ, అదే పాదంతో పనికి నడుస్తూ, చివరకు కాలు పోగొట్టుకుంటున్నాయో తలచుకుంటే ఈ చిన్న పరిశోధన విలువ తెలుస్తుంది. రక్తప్రసరణ చాలని పాదానికి, తీవ్రంగా చీము పట్టిన పాదానికి ఈ కట్టు తగదు. అందుకే వైద్యుని పరీక్ష ముందు జరగాలి.

సాక్ష్యానికి ఉన్న హద్దులు

గాయాల మీద జరిగిన పరిశోధనలలో చాలావరకు చిన్నవి, లోపాలున్నవి. సమీక్షలు తరచుగా నిశ్చయంగా చెప్పలేమనే ముగుస్తాయి. చాలినంత సాక్ష్యం లేదనడం, పనిచేయదని రుజువైందనడం ఒకటి కావు. ఆధారసహిత వైద్యమంటే పుస్తకం చూసి వంట చేయడం కాదని, లభ్యమైన మేటి సాక్ష్యాన్ని వైద్యుని నైపుణ్యంతో, రోగి అవసరాలతో, ఇష్టాలతో జోడించడమని 1996లోనే డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు స్పష్టం చేశారు. పిండికట్టుతో రెండు నెలలు కూలికి వెళ్లలేని మనిషికి ఆ చికిత్స చెప్పేటప్పుడు ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్న కూడా వైద్యంలో భాగమే.

ఇక మీరు చేయవలసినవి కొన్ని. చిన్న గాయాన్ని ధారగా నీటితో కడిగి, శుభ్రమైన కట్టుతో కప్పండి. కాలినచోట కాఫీపొడి, టూత్‌పేస్టు పూయక, ఇరవై నిమిషాలు పారే చల్లని నీటి కింద ఉంచండి, మంచుగడ్డ పెట్టవద్దు. లోతైన, మట్టి చేరిన గాయానికి ధనుర్వాతం టీకా సంగతి ఆ రోజే అడగండి. మధుమేహమున్నవారు ప్రతి రాత్రి అరికాళ్లు చూసుకోండి, ఎండకు కాలిన గుడి బండల మీద వట్టి కాళ్లతో నడవవద్దు, నొప్పి లేని పుండును చూసి నిశ్చింతగా ఉండవద్దు. రెండు వారాలలో మానుముఖం పట్టని ఏ పుండునైనా వైద్యునికి చూపండి. మధుమేహ రోగి పాదంలో పుండు కనబడితే ఒక్కరోజు కూడా ఆగకండి.

కొత్త లేపనమో, ఖరీదైన కట్టో సూచించినప్పుడు వినయంగా మూడు ప్రశ్నలు అడగండి. నా గాయం మానకపోవడానికి కారణమేమిటి? ఈ చికిత్సను దేనితో పోల్చి చూశారు? నావంటి రోగులలో ఫలితం ఏమిటి? పారే ఆ వేకువన తనను తాను అడుగుకున్నవి ఇంచుమించు ఇవే. మంచి వైద్యుడు వీటికి నొచ్చుకోడు.